‘బాగున్నది’ అన్న మాటతో సరిపెట్టుదుమా?

మన సంఘములో నెలకొకమారు జరుగు కవిసమ్మేళనమునకు వచ్చువారెవరైనను ఒక సంగతిని గమనింపకపోరు. ఒకరు లేచి పద్యము చదువుచుందురు. వారి తరువాత చదువవలసినవారు జేబులోని కాగితమును తీసి, మడత విప్పి, పెదవులు కదలించుచు తమ పద్యమును మరల వల్లించుకొనుచుందురు. అంతకుముందే చదివి కూర్చున్నవారు తమ పద్యము సభకు నచ్చినదో లేదో ప్రక్కవారి ముఖములలో వెదకుకొనుచుందురు. చదువుట ముగియగానే చప్పట్లు. ‘బాగున్నది, చాల బాగున్నది’ అని నాలుగు మూలలనుండి నాలుగు గొంతులు. పిమ్మట కాఫీ. పదునలుగురు కవులు చదివిన సభలో పదునలుగురు కవులును ఉన్నారు గాని శ్రోత యొక్కడును లేడు.

పరులను తప్పుపట్టుటకై ఈ మాట వ్రాయుట లేదు. ఆ పదునలుగురిలో నేనును ఒకడను. రెండు నెలల క్రిందట కళాశాలలో చదువుకొనుచున్న ఒక అమ్మాయి మన సభలో నాలుగు ఆటవెలదులు చదివెను. అందరితోపాటు నేనును తల యూచి బాగున్నదంటిని. సభ ముగిసిన పిమ్మట ఆమె నా యొద్దకు వచ్చి, “బాగుండాదంటిరి గదా తాతా, ఏడ బాగుండాది?” అని అడిగెను. ఆ ప్రశ్నలో వెటకారము లేదు. ఆమె నిజముగా తెలిసికొనగోరి అడిగెను. నా యొద్ద సమాధానము లేకపోయెను. ఏలయన ఆమె చదువుచున్నప్పుడు నా పద్యములోని రెండవ పాదము నాకు గుర్తునకు రాక నేను దానితో కుస్తీ పట్టుచుంటిని. “అంతా బాగుందమ్మా” అంటిని. ఆమె నా ముఖము వంక ఒక్క క్షణము చూచి, కాగితమును మడిచి సంచిలో వేసికొని వెడలిపోయెను. తరువాతి నెల ఆమె రాలేదు. పరీక్షలని చెప్పిరి. పరీక్షలే కావచ్చును.

ఇది చిన్న విషయమనువారుందురు. తెలుగు రాష్ట్రములలో నివసించు కవికి ఇది చిన్న విషయమే. ఒక సభ వినకున్న మరియొక సభ వినును. పత్రికలున్నవి, బడిలో తెలుగు పంతులుగారున్నారు, గ్రంథాలయమున్నది. మా హోసూరు ప్రాంతమున అట్లు కాదు. 2006లో తమిళనాడు ప్రభుత్వము చేసిన తమిళ అధ్యయన చట్టము పిమ్మట, ఒకటవ తరగతితో మొదలిడి ఏటేట పై తరగతులకు తమిళము నిర్బంధ భాషయైనది. తెలుగు మాధ్యమమున చదివిన మా తరమువారము ముసలివారమైతిమి. ఇప్పటి పిల్లలలో తెలుగు మాటలాడువారు పెక్కుమంది కలరు, వ్రాయగలవారు కొందరే. ఇట్టిచోట ఒక పదునెనిమిదేండ్ల పిల్ల ఛందస్సు నేర్చుకొని ఆటవెలది వ్రాసినచో, దానిని చదువగలవారెవరు? ఆమె గురువు, పాఠకుడు, విమర్శకుడు, అందరును తోటి ఔత్సాహిక కవులే. మనము చదువకున్నచో ఆ పద్యమును చదువువారు వేరొకరు లేరు. బళ్ళారిలోను, బరంపురములోను, షోలాపూరులోను ఉన్న మనవారి స్థితియు ఇంచుమించు ఇట్టిదేయని తలంతును. యానాములో వీధియు ఇల్లును తెలుగే గనుక అచటివారి చింత వేరు కావచ్చును.

కావ్యమును చదువువారిని గూర్చి మన పూర్వులు ఊరకుండలేదు. 10వ శతాబ్ది ఆరంభమున నుండిన రాజశేఖరుడు తన కావ్యమీమాంసలో వ్రాయుటకు ఒక ప్రతిభ, చదివి గ్రహించుటకు వేరొక ప్రతిభ కలవని చెప్పి, చదువువారిని నాలుగు తెగలుగా లెక్కించెను. ఏదియు రుచింపనివాడు అరోచకి. పచ్చగడ్డితో సహా అన్నిటిని మ్రింగువాడు సతృణాభ్యవహారి. ఎదుటివాని మంచిని చూచియు చూడలేనివాడు మత్సరి. కవి హృదయమును, మాట కూర్పులోని మర్మమును పట్టుకొనువాడు తత్త్వాభినివేశి. ఈ చివరివాడు వేయిమందిలో ఒక్కడుండునో లేడో యని ఆయన సంశయించెను. మన సభలో మత్సరులు లేరని నేననను గాని వారి సంఖ్య తక్కువ. అరోచకులు సభకే రారు. మిగిలిన మనమందరము సతృణాభ్యవహారులము. గడ్డియు గింజయు ఒక్కటిగా నమలి ‘బాగున్నది’ అని త్రేన్చుచున్నాము.

ఆ వేయిమందిలో ఒక్కరు మన ప్రాంతములలోనే ఉండిరి. తంజావూరు ప్రతాపసింహ మహారాజు కాలమున ముద్దుపళని వ్రాసిన రాధికాసాంత్వనమును వీరేశలింగము పంతులుగారంతటివారు ఈసడించిరి. మైసూరు సీమలో పుట్టి మద్రాసున స్థిరపడిన బెంగుళూరు నాగరత్నమ్మ ఆ కావ్యమును ఇతరుల మాట పట్టుకొని కాక స్వయముగా చదివెను. తన చేతికి వచ్చిన అచ్చుప్రతిలో లోపములున్నవని కనిపెట్టి, వ్రాతప్రతిని వెదకి తెప్పించుకొని, సరిచూచి, 1910లో పూర్తి పాఠమును వావిళ్ళవారిచేత వెలువరించెను. పిమ్మట ప్రభుత్వము నిషేధించినది వేరు సంగతి. ఒక స్త్రీ వ్రాసిన కావ్యమును నూటయేబది యేండ్లకు మరియొక స్త్రీ ఇంత శ్రద్ధతో చదివెను. మనము ఎదుట కూర్చున్న కవిని పది నిమిషములు వినలేకున్నాము.

అంత పెద్ద పని నెలనెల జరుగవలెనని నేను కోరుట లేదు. మెచ్చుకొనుటకైనను ఒక పద్ధతి యుండవలెననుచున్నాను. 17వ శతాబ్ది మొదటి భాగమున తంజావూరునేలిన రఘునాథనాయకుడు రాజు మాత్రమే కాడు, వాల్మీకిచరిత్రము వ్రాసిన కవి. ఆయన చేమకూర వేంకటకవిని మెచ్చుకొనిన తీరు విజయవిలాసపు అవతారికలో కానవచ్చును. బాగున్నదని ఊరకొనలేదు. ప్రతి పద్యమునందును ఏదో యొక చమత్కారము పుట్టించుట వేంకటకవి నేర్పని గుర్తించి పలికెను. విజయవిలాసమును తెరచి ఏ పుటనైనను చూడుడు, ఆ మెప్పు నిజమో కాదో మీకే తెలియును. రుజువు చేయుటకు వీలైన మెప్పు అది. ఒక కవి తోటి కవిని చదివినట్లు సాక్ష్యము అందున్నది. మన మెప్పులో అట్టి సాక్ష్యమేది? ఇప్పుడు ఫోనులో పద్యము పంపినచో పద్యము తెరువక మునుపే రెండు చేతులు జోడించిన బొమ్మ వచ్చుచున్నది.

నా సిగ్గును పోగొట్టుకొనుటకై ఆ అమ్మాయి పద్యముల ప్రతిని సంఘ కార్యదర్శిగారి యొద్దనుండి తెప్పించుకొని, నాలుగు దినములు నా బల్లమీద నుంచుకొని చదివితిని. అవ్వ పెంచిన ఎనుమును అమ్మివేసిన పిమ్మట ఆ కొట్టములో స్కూటరు నిలిపిన సంగతి అందలి విషయము. అవ్వ తెల్లవారుజామున లేచి, అలవాటు చొప్పున చెంబు పట్టుకొని కొట్టము దాక పోయి, స్కూటరును చూచి తిరిగి వచ్చుట రెండవ పద్యము. ఎక్కడ బాగున్నదని అడిగిన ప్రశ్నకు అది సమాధానము. ఆ చెంబులో బాగున్నది. అవ్వ దుఃఖపడెనని ఎచ్చటను చెప్పకుండుటలో బాగున్నది. ఈ రెండు వాక్యములు ఆనాడు నా నోట వచ్చియుండవలసినది.

తప్పులును ఉన్నవి. మూడవ పద్యములో ఒకచోట ‘బ’కారమునకు ‘మ’కారముతో యతి కూర్చినది. రెండును పెదవులతో పలుకబడునవే గనుక చెల్లునని భ్రమించియుండును. ‘బ’కు ముందు నిండుసున్న యున్నప్పుడు తప్ప ఆ మైత్రి చెల్లదు. నాలుగవ పద్యములో ఇంద్రగణ ముండవలసినచోట సూర్యగణము పడినది. ఇవి అభిప్రాయములు కావు, లెక్కలు. సంతలో తూకము తక్కువైనప్పుడు చెప్పినట్లు చెప్పవచ్చును. అందు కోపమునకు గాని మొగమాటమునకు గాని పని లేదు. అయినను మనలో ఒక్కరును చెప్పలేదు. ‘చిన్నపిల్ల, నొచ్చుకొనును’ అనుకొంటిమి. నొచ్చుకొనకుండ చూచితిమి గాని నేర్చుకొనకుండ చేసితిమి.

అయితే ఒక్క పెద్దమనిషి ఆనాడే కాఫీ త్రాగుచు ఒక సవరణ చెప్పిరి. కోస్తా జిల్లాలలో చదువుకొని వచ్చినవారు, నాకును గౌరవనీయులు. “ఎనుము అని వ్రాయకూడదమ్మా, గేదె అనవలెను. శిష్టులు ఎనుము అనరు” అనిరి. ఆ పిల్ల వెంటనే కలము తీసి కొట్టివేసి గేదె యని వ్రాసికొనెను. ఆ కొట్టివేత ఆ ప్రతిలో ఇప్పటికిని కనబడుచున్నది.

దీనిని గూర్చి కొంచెము వివరముగా చెప్పవలసియున్నది. ఎనుము అనునది మూడు లఘువుల నగణము. గేదె అనునది గురువు, లఘువు కలిసిన గలము. రెండును సూర్యగణములే. కావున ఒకదాని చోట మరియొకటి వేసినను గణము చెడదు, నడక మారదు. పెద్దలు అంతవరకే చూచిరి. కాని ఆ మాట పాదము మొదట నున్నది. అదే పాదములో నాలుగవ గణము ‘ఇంట’ అను మాటతో మొదలగుచున్నది. ఎకారమునకు ఇకారముతో యతిమైత్రి కలదు. ఆ పిల్ల దానిని సరిగా కూర్చినది. గేదె యని మార్చగానే ఆ యతి కూలిపోయినది. తప్పియున్న యతిని ఎవ్వరును చూపరైరి. ఒప్పియున్న యతిని దిద్దుబాటు పేర చెరచితిమి.

యతి మాట అటుంచుడు. ఎనుము అనునది మా అవ్వలు పలికిన మాట, బ్రౌను దొర నిఘంటువులోను ఉన్న మాట. కన్నడమువారి ఎమ్మెకు, తమిళుల ఎరుమైకి తోబుట్టువు. ఎనుబోతు అను మాటను అంగీకరించువారు ఎనుమును ఏల వెలివేయవలెనో నాకు బోధపడదు. గేదెయు మంచి మాటయే, గేదె యనువారి ఇంటిలో. ఆ అవ్వ కొట్టములో ఉండినది గేదె కాదు. అట్లే అలసందలను బొబ్బర్లుగా దిద్దుటయు ఒకమారు చూచితిని. వందలయేండ్లుగా రాష్ట్రపు ఎల్లలు మారినను మారక మా నోళ్ళలో నిలిచిన మాటలను, పద్యము నేర్పుచున్నామను నెపమున మనమే ఊడ్చివేయుట ఏమి న్యాయము?

జనుల నోటి మాటకు వ్రాతలో చోటు కావలెనని పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారు ఉపాధ్యాయులుగా నుండినది పర్లాకిమిడిలో. ఆ ఊరు 1936 నుండి ఒడిశాలో ఉన్నది. అనగా అదియు నేడు మనవంటివారి ఊరే. ఈ వ్యాసమును గ్రాంథికములో వ్రాయుచు ఆయన పేరెత్తుట చూచి నాకే నవ్వు వచ్చుచున్నది. ఏమి చేయుదును, నాకు చెప్పిన గురువులు ఇట్లే చెప్పిరి. ఈ వయస్సున చేయి తిరుగదు.

ఇంతమాత్రమున ప్రతి పొరపాటును యాస యని కాపాడవలెననుట కాదు. అట్టివారును మనలో బయలుదేరినారు. యతి తప్పినదన్నచో ‘మాది హోసూరు తెలుగు’ అనుచున్నారు. హోసూరులో ఎనుము ఉన్నది గాని హోసూరునకు వేరు యతి లేదు. ఇంటిలో అమ్మ పలుకు మాటయైనచో నిలువనిండు. ఇంటిలో ఎవ్వరును పలుకనిది, పుస్తకములోను లేనిది, తొందరలో పుట్టినది అయినచో చెప్పి దిద్దించుడు. ఏది ఏదియో తెలియవలెనన్నచో చదువువాడు వ్రాసినవానిని ఒక ప్రశ్న అడుగవలెను: ‘ఈ మాట నీ కెక్కడిది?’ దిద్దుటకు ముందు ఈ ప్రశ్న వేయనివారు దిద్దకుండుట మేలు.

ఈ సందర్భముననే మరియొక చిక్కు చెప్పెదను. తెలుగు లిపి రాని పిల్లలు కొందరు తమ పద్యములను తమిళ లిపిలో వ్రాసికొని వచ్చుచున్నారు. ఆ లిపిలో గాలి యన్నను కాలి యన్నను ఒకే వ్రాత. చదువువాడు సందర్భమునుబట్టి ఊహింపవలెను. ఆ కాగితములను చూచి మొగము త్రిప్పుకొనువారిని నేనెరుగుదును. ఒక తమాషా వినుడు. మన యతిలో క, ఖ, గ, ఘలకు పరస్పరము మైత్రి కలదు. కావున ఆ లిపి యతికి అడ్డు రాదు. ప్రాసలో మాత్రము క వేరు, గ వేరు; అచ్చట పిల్లవాడు మోసపోవును. ఒక బాలుడు కంద పద్యములో వరుసగా ఇట్లు తప్పుచుండగా కారణము లిపియే యని కనుగొనుటకు నాకు మూడు మాసములు పట్టినది. కాగితము చూచి తప్పు లెక్కించినంతకాలము తెలియలేదు. ఒకనాడు అతనిచేత చదివించుకొని వింటిని, తెలిసినది.

కావున సంఘమువారికి నా విన్నపమిది. ఒక్కొక్క సమ్మేళనములో పదునాలుగు పద్యములు వలదు, ఐదు చాలును. చదువబోవు పద్యమును వారము ముందుగా మరియొక సభ్యునికి ఇయ్యవలెను. సభలో ఆ పద్యమును మొదట ఆ సభ్యుడే బిగ్గరగా చదువవలెను, కవి వినవలెను. తన మాటలు పరుని నోట ఎచ్చట తడబడుచున్నవో కవికి అప్పుడు ఎవ్వరును చెప్పకయే తెలియును. పిమ్మట ఆ సభ్యుడు తనకు ఏమి అర్థమైనదో తన మాటలలో చెప్పవలెను. మంచిచెడ్డల తీర్పు ఆ తరువాతనే. అర్థమైనది చెప్పుమన్నప్పుడు సగము పొగడ్తలు వాటంతటవే ఆగిపోవుననుటలో నాకు సందేహము లేదు. ఆనాడు కవి బదులు చెప్పరాదు. ఇంటికి పోయి ఆలోచించుకొని వచ్చు నెల చెప్పవచ్చును. ఇది చివరి నియమమే గాని అన్నిటికంటె కష్టమైనది. నన్ను నేను ఎరుగుదును గనుక చెప్పుచున్నాను.

వినుట మనకు క్రొత్త విద్య కాదు. అవధానములో నిషిద్ధాక్షరి నడుపు పృచ్ఛకుని తలచుకొనుడు. అవధాని మనస్సులో రాబోవు అక్షరమును ముందే ఊహించి అదే వలదని నిషేధించును. ఎదుటి కవి ఏ దారిని పోవుచున్నాడో తెలియనివానికి ఆ పని సాధ్యమగునా? అచ్చట అది పోటీ కొరకు. ఆ చెవినే మనము చెలిమి కొరకు వాడవచ్చును.

మన సభలో కూర్చుండక వంటయింటిలో నుండు శ్రోతలను గూర్చియు ఒక మాట. మన ఇండ్లలోని ముసలమ్మలు పెక్కుమందికి తెలుగు లిపి రాదు, తెలుగు వచ్చును. పాటల తెలుగు, సామెతల తెలుగు, తిట్ల తెలుగు కూడ వచ్చును. నేను ఆ నాలుగు ఆటవెలదులను మా ఇంటి పెద్దామెకు చదివి వినిపించితిని. రెండవ పద్యము కాగానే, “చెంబెత్తుకోని పొయ్యిందా? పోతుంది పాపం, చెయ్యి ఊరుకోదు” అనెను. మూడవ పద్యములో యతి తప్పినచోట ఏమియు అనలేదు గాని మొగము చిట్లించి, “మళ్ళీ చదువు” అనెను. రాజశేఖరుడు చెప్పిన నాలుగవ తెగవారు ఎచ్చటనున్నారో నాకు కొంత తెలిసినట్లైనది. సభను నెలకొకమారు ఎవరి ఇంటి నడవలోనైనను జరిపినచో వారును వచ్చి కూర్చుందురు.

పత్రికా సంపాదకులవారికిని ఒక మనవి. ‘పలువురు కవులు పాల్గొని తమ కవితలను వినిపించి సభ్యులను రంజింపజేసిరి’ అను వాక్యము ఈ పత్రికలో ఎన్నిమారులు వచ్చినదో లెక్కింపలేదు. అచ్చు కూర్చువారికి కంఠస్థమై యుండును. దానికి బదులుగా నెలకొక్క పద్యమును, దాని క్రింద తోటి సభ్యుడు వ్రాసిన పది పంక్తుల సమాధానమును వేయుడు. చోటు చాలదన్నచో సన్మానముల ఛాయాచిత్రములలో ఒకటి తగ్గింపవచ్చును.

ఆ అమ్మాయికి నేను రెండు పుటల ఉత్తరము వ్రాసి పంపితిని. చెంబు సంగతి మొదట వ్రాసి, పిమ్మట బ-మ యతియు, గణభంగమును వ్రాసి, కొట్టివేసిన ఎనుమును తిరిగి కట్టుకొనుమని వ్రాసితిని. ఆనాడు వినకయే బాగున్నదన్నానని కూడ వ్రాసితిని. ఆ వాక్యము వ్రాయుటకే ఎక్కువ సేపు పట్టినది. బదులు ఇంకను రాలేదు. వచ్చు సమ్మేళనమునకు నా పద్యములను ఇంటనే ఉంచి వచ్చెదను. ఎవరిదైనను ఒక పద్యమును ముందుగా నాకు పంపినచో, చదివి సిద్ధముగా నుందును.